సైకిల్, అన్నం, బరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే గంటో గంటన్నరో సైకిల్ తొక్కుతూ, దాంతోపాటు నాలుగు కిలోలు తగ్గాలనుకునేవాళ్ల కోసం ఇది. రేసుల్లో పాల్గొనేవాళ్ల లెక్కలు వేరు. లెక్క చెప్పాల్సిన చోటల్లా 75 కిలోల మనిషిని తీసుకున్నాను, మీ బరువును బట్టి సర్దుకోండి. షుగర్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ఇందులో ఏది మొదలుపెట్టాలన్నా ముందు తమ డాక్టర్‌తో మాట్లాడాలి.

అన్నం పూర్తిగా మానేస్తే త్వరగా తగ్గుతానా?

మొదటి వారం తగ్గినట్టే కనిపిస్తుంది. రెండో వారమో మూడో వారమో ఒక పొద్దున ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కాళ్లు కదలవు. ఎలాగో ఇల్లు చేరి, కనబడిందల్లా తినేస్తారు. ఆ రోజుతో డైట్ అటకెక్కుతుంది. అన్నం మానేసిన సైకిల్ దోస్తుల్లో ఎక్కువమంది కథ ఇదే.

కారణం సులువే. మనం తిన్న పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో దాచి ఉంటుంది. కండరాల్లో 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో ఇంకో 80 నుంచి 100 గ్రాములు. మొత్తం కలిపినా సుమారు 2,000 కేలరీలే. కొవ్వు నిల్వ మాత్రం మామూలు మనిషికి కూడా లక్ష కేలరీలు దాటుతుంది. చిక్కేమిటంటే కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది. చదునైన రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ పోతే కొవ్వుతో చాలావరకు నడిచిపోతుంది. గాలికి ఎదురు తొక్కినా, ఎత్తు ఎక్కినా, ముందువాణ్ని అందుకోవాలని చూసినా ఒళ్లు గ్లైకోజెనే అడుగుతుంది.

అందుకే నేను చెప్పేది ఒకటే. తొక్కే రోజు కంచం, తొక్కని రోజు కంచం ఒకేలా ఉండకూడదు. తగ్గించాల్సిన అన్నం తొక్కని రోజుల్లో, ముఖ్యంగా రాత్రి పూట ఉంది. రైడ్‌కి ముందూ, రైడ్ మధ్యలోనూ తినేదాంట్లో కోత పెట్టడం దండగ.

గంట తొక్కితే ఎన్ని కేలరీలు ఖర్చవుతాయి? యాప్ చూపించేది నమ్మొచ్చా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది కదా, దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. వెళ్లి వస్తే 29. గంటకు 18 వేగంతో తొక్కితే సుమారు గంటా ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. 75 కిలోల మనిషికి అటూఇటూగా 800 కేలరీలు ఖర్చు. అయితే అంతసేపు ఇంట్లో పేపర్ చదువుతూ కూర్చున్నా 110, 120 ఎలాగూ ఖర్చయ్యేవి. అవి తీసేస్తే సైకిల్ వల్ల వచ్చింది 700 లోపే.

యాప్‌లు, వాచీలు ఈ తీసివేత చేయకుండా మొత్తం చూపిస్తుంటాయి. పైగా సిగ్నల్ దగ్గర నిలబడ్డ సమయం, టీ తాగిన సమయం కూడా కలిపేసేవి ఉన్నాయి. అది చూపించిన అంకెలో పాతిక శాతం కొట్టేసి లెక్క వేసుకోండి. సైకిల్‌కి పవర్ మీటర్ (పెడల్ మీద పెట్టే శక్తిని కొలిచే పరికరం) ఉంటే ఈ గొడవ లేదు. అది చూపించే కిలోజౌల్స్ అంకెనే దాదాపుగా కేలరీలుగా తీసుకోవచ్చు. ఒక కేలరీ అంటే నాలుగు కిలోజౌల్స్ పైనే, మనిషి ఒంట్లో పుట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది నాలుగో వంతు లోపే కాబట్టి రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వస్తాయి.

ఇంత లెక్క ఎందుకంటే, రైడ్ ముగిసేది సాధారణంగా టిఫిన్ సెంటర్ ముందు. నాలుగు పూరీలు, ఆలూ కూర, "ఒక ప్లేట్ మైసూర్ బజ్జీ కూడా పెట్టన్నా, అందరం తింటాం", ఆపైన చక్కెర వేసిన కాఫీ. కొల్లూరు దాకా వెళ్లొచ్చింది అక్కడే చెల్లు.

మరి రోజుకు ఎంత పిండిపదార్థం తినాలి?

బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవాళ్లకు పనికొచ్చే లెక్క ఇది. తొక్కని రోజు ఒంటి బరువులో కిలోకి 2.5 నుంచి 3 గ్రాములు. గంట తొక్కే రోజు 3 నుంచి 3.5. రెండు మూడు గంటలు తొక్కే రోజు 4 నుంచి 5. మన 75 కిలోల మనిషికి తొక్కని రోజు సుమారు 200 గ్రాములు, పెద్ద రైడ్ ఉన్న రోజు 300 నుంచి 375 గ్రాములు అవుతుంది. క్రీడాకారులకు చెప్పే అంకెలు దీనికన్నా ఎక్కువే ఉంటాయి, వాళ్లు తగ్గాలని చూడరు కాబట్టి.

మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజు మొత్తం కేలరీల్లో తృణధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదని, చక్కెర 20 నుంచి 25 గ్రాముల లోపే ఉండాలని అందులో ఉంది. 1,900 కేలరీలు తినే మనిషి 200 గ్రాముల పిండిపదార్థం తింటే 800 కేలరీలు, అంటే 42 శాతం. కాబట్టి పైన చెప్పిన తొక్కని రోజు లెక్క ఏమంత కఠినమైనది కాదు. మనం ఇప్పుడు తింటున్నదే చాలా ఎక్కువ.

గ్రాములు సరే, కంచంలో అది ఎంత?

వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మామూలు సైజు ఇడ్లీ ఒక్కోదాంట్లో పది పన్నెండు. మధ్యరకం జొన్న రొట్టెలో 30 దాకా.

కానీ అసలు సమస్య మన వడ్డనలో ఉంది. కిచెన్ తూకం కొనుక్కుంటే వారం రోజుల్లో విషయం అర్థమవుతుంది. మా ఇంట్లో అన్నం హస్తంతో నేను ఒకసారి తీసుకుంటే 110 గ్రాములు తూగింది. అదే హస్తంతో మా అమ్మ వడ్డిస్తే 160. "ఒక్కసారే పెట్టాను కదరా" అంటుంది, అదీ నిజమే. పిండిపదార్థంలో తేడా 14 గ్రాములు, అంటే ఒక ఇడ్లీకి పైనే. అదీ ఒక్క వడ్డనకి.

మన భోజనం ఒక్క వడ్డనతో అయ్యేది కాదు. ముందు పప్పన్నం, తర్వాత కూరో పులుసో, తర్వాత చారు, చివర పెరుగు. ప్రతిదానికీ కొత్తగా అన్నం పడుతుంది. పెరుగన్నం తినకపోతే అన్నం తిన్నట్టే ఉండదు మనకి. అలా నాలుగు వాయిదాల్లో 450 గ్రాముల అన్నం తేలిగ్గా లోపలికి పోతుంది. అది 126 గ్రాముల పిండిపదార్థం, ఒక్క పూటకి. కూరలో బంగాళదుంప ఉంటే అది అదనం.

ఇక్కడ చేయాల్సింది వాయిదాలు మానడం కాదు, వాటి కింద అన్నం తగ్గించడం. పప్పు, కూర ఎక్కువ పెట్టుకుని 150 గ్రాముల అన్నం మొత్తం అక్కడే తినేయండి. చారు గ్లాసులో తాగండి. పెరుగులో కీరా, క్యారట్ తురుము, కొంచెం ఉప్పు కలిపి చెంచాతో తినండి. మొదట నాలుగు రోజులు ఏదో వెలితిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం ముందే చెప్పి పెట్టండి, లేకపోతే ఒంట్లో బాగాలేదని కంగారుపడతారు.

అన్నం బదులు జొన్నలు, కొర్రలు తింటే ఎంతైనా తినొచ్చా?

లేదు. బియ్యంలో 100 గ్రాములకి సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, చిరుధాన్యాల్లో రకాన్ని బట్టి 60 నుంచి 70 చిల్లర ఉంటుంది. తేడా ఉన్నది పీచులో. జొన్నలో, రాగిలో పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టు ఉంటుంది, రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది. జొన్న రొట్టెతో ఇంకో లాభం, దాన్ని లెక్కపెట్టొచ్చు. "రెండు రొట్టెలు తిన్నాను" అని కచ్చితంగా చెప్పగలం. అన్నం ఎంత తిన్నావంటే ఎవరూ చెప్పలేరు.

కానీ గట్టి రైడ్‌కి గంట ముందు జొన్న రొట్టె, రాగి సంకటి వద్దు. పీచు అరగకుండా ఉండి పక్కటెముకల కింద పట్టేస్తుంది. అప్పుడు తెల్ల ఇడ్లీలే మేలు.

ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు ఎక్కువ కరుగుతుందంటారు, నిజమేనా?

తొక్కే ఆ గంటలో కొవ్వు వాటా ఎక్కువ ఉండే మాట నిజం. అయితే ఒళ్లు రోజంతా లెక్క సరిచేసుకుంటుంది. రోజు మొత్తం తిన్నది ఒకటే అయితే, ఖాళీ కడుపుతో చేసినా తిని చేసినా తగ్గే కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

గంటలోపు మెల్లగా తొక్కేట్టయితే మంచినీళ్లో, చక్కెర లేని కాఫీయో తాగి వెళ్లిపోండి, ఫరవాలేదు. అంతకు మించితే, లేదా ఎత్తులు ఉంటే, బయల్దేరే ముందు ఒక అరటిపండు తినండి. పొద్దున అయిదింటికి ఏదీ మింగుడుపడదు అనేవాళ్లు ముందురోజు రాత్రి మాత్రం కాస్త అన్నం తిని పడుకోండి.

రెండు మూడు గంటల రైడ్‌లో మధ్యలో ఏం తినాలి? తగ్గాలనుకుంటూ దారిలో తినడమేమిటి?

దారిలో తినేవాడే ఇంటికొచ్చి తక్కువ తింటాడు. దీన్ని నమ్మడానికి అందరికీ కొంచెం టైమ్ పడుతుంది.

గంట లోపు రైడ్‌కి నీళ్లు చాలు. అది దాటి రెండున్నర గంటల దాకా, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం సరిపోతుంది. బరువు తగ్గేవాళ్లు 30కి దగ్గరగా ఉండొచ్చు, గట్టిగా తొక్కే రోజు పైకి వెళ్లండి. ఆకలి వేసేదాకా ఆగకుండా నలభై నిమిషాలకోసారి కొంచెం తినడం మంచిది. చాక్లెట్ రుచి జెల్ ప్యాకెట్ వంద రూపాయలు పెట్టి కొనక్కర్లేదు. ఓ మాదిరి అరటిపండులో 20 నుంచి 25 గ్రాములు. చిన్న ఖర్జూరాలు నాలుగు తింటే 20కి పైనే. ఉసిరికాయంత బెల్లం ముక్క 20 గ్రాములుంటే అందులో 17, 18. పల్లీ చిక్కీ కూడా బాగుంటుంది, కాకపోతే పల్లీల్లో నూనె వల్ల అరగడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఎత్తు ఎక్కే ముందు వద్దు. బెల్లం ముక్కను జేబులో ఊరికే పడేయకండి. చెమటకి కరిగి జెర్సీకి అంటుకుంటుంది, చీమలు ఇంటిదాకా వస్తాయి. చిన్న జిప్ కవర్లో వేసుకోండి.

విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లొచ్చేవాళ్లకి ఆకలికన్నా చెమట పెద్ద సమస్య. ఉక్కపోతలో ఉప్పు బాగా పోతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పెద్ద గ్లాసుకి పిండిపదార్థం తొమ్మిది పది గ్రాములే. కాబట్టి కొబ్బరినీళ్లు తాగినా ఉప్పు వేసిన మజ్జిగ కూడా ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. అది నీళ్లకీ ఉప్పుకీ తప్ప శక్తికి కాదు. అన్నట్టు, ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి డ్రింకుల డబ్బాలు మందుల షాపుల్లో చాలాకాలం ఉండేవి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కొనేటప్పుడు వెనక ఫార్ములా చదవండి.

రైడ్ మధ్యలో ఉన్నట్టుండి ఒళ్లు వణికి, చెమటలు పట్టి, ఏమీ తోచలేదు. ఏమైంది?

గ్లైకోజెన్ అడుగంటింది, రక్తంలో చక్కెర పడిపోయింది. సైక్లిస్టులు దీన్ని బాంక్ అంటారు. వెంటనే దిగి నీడలో కూర్చోండి. బెల్లం, ఖర్జూరం, కూల్‌డ్రింక్, చక్కెర ఎక్కువ వేసిన టీ, ఏది దొరికితే అది తీసుకోండి. ఇక్కడ తీపి మందు లాంటిది, డైట్ గుర్తుచేసుకోకండి. పావుగంటలో తేరుకుంటారు. తేరుకున్నాక మెల్లగా ఇంటికే వెళ్లండి. ఛాతీలో నొప్పి, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి ఉంటే మాత్రం అది ఇది కాదు, 108కి ఫోన్ చేయండి.

రైడ్ అవగానే అరగంటలోపు తినాలా?

మర్నాడే మళ్లీ పెద్ద రైడ్ లేకపోతే తొందరేం లేదు. మామూలు భోజనాలతోనే ఇరవై నాలుగు గంటల్లో గ్లైకోజెన్ నిండుతుంది. టిఫిన్‌కి అందరితో కూర్చుంటే పెసరట్టు, ఇడ్లీ సాంబార్ వంటివి తినండి. ఉడికించిన గుడ్లు దొరికే చోటయితే ఇంకా మంచిది. ఇరానీ చాయ్ తాగండి, పక్కన ఉస్మానియా బిస్కెట్ల ప్లేట్ మాత్రం టేబుల్ అవతలి వైపు జరపండి.

మొదటి పది రోజుల్లో రెండు కిలోలు తగ్గి, తర్వాత ఆగిపోయింది. ఎందుకు?

ఆ రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. అన్నం తగ్గించగానే గ్లైకోజెన్‌తో పాటు ఆ నీరూ పోతుంది. మళ్లీ ఒక పూట బిర్యానీ తినగానే తిరిగొస్తుంది. రెండూ కొవ్వు కాదు కాబట్టి మొదటిదానికి సంబరపడక్కర్లేదు, రెండోదానికి టెన్షన్ పడక్కర్లేదు.

కొవ్వు తగ్గే వేగం వారానికి అరకిలో అయితే బ్రహ్మాండం. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు, అంటే రోజుకి 500 నుంచి 550 తక్కువ పడాలి. రోజూ ఒకే సమయానికి తూకం చూసి వారం సగటు రాసుకోండి. నడుము కొలత కూడా తీసుకోండి. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. మూడు నాలుగు వారాలు సగటు కదలకపోతే, నూనె వైపు చూడండి. పిండిపదార్థం గ్రాముకి 4 కేలరీలు, నూనెకి 9. అన్నం తూచి, వేపుడులో నూనె చేతి వాటంగా పోసే ఇళ్లు చాలా ఉన్నాయి.

కీటో చేస్తూ తొక్కొచ్చా?

కీటో అంటే పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే డైట్. మెల్లగా తొక్కడానికి నడుస్తుంది. గుంపుతో పోటీపడి ఎత్తు ఎక్కడానికి నడవదు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం కీటో జోలికి అసలు పోకూడదు. రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం) అనే ప్రమాదకర పరిస్థితి రావచ్చు.

ప్రొటీన్ ఎంత ఉండాలి?

బరువు తగ్గుతున్నప్పుడు కండ కరగకుండా ఉండాలంటే కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు. 75 కిలోలకి 90 పైనే. ఒక గుడ్డులో 6 గ్రాములే. శాకాహారులు పప్పు పల్చగా చేసుకుంటే అందదు. ముద్దపప్పు, పెసరట్టు, శనగలు, పెరుగు, పనీర్, సోయా అన్నీ కలిపితే గానీ రాదు.

నాకు షుగర్ ఉంది. తొక్కే రోజు మందు ఎలా?

సైకిల్ తొక్కడం షుగర్‌కి మంచిదే. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది. భోజనం తర్వాత పావుగంట మెల్లగా తొక్కినా చక్కెర తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి మామూలుగా పడిపోయే భయం తక్కువ. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లాజైడ్ వాడేవాళ్ల సంగతి వేరు. అన్నం తగ్గించి, మందు అలాగే వేసుకుని, రెండు గంటలు తొక్కితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, ఒక్కోసారి ఆ రాత్రి నిద్రలో కూడా. డోసు డాక్టరే మార్చాలి. బయల్దేరే ముందు చూసుకోండి, 90 కంటే తక్కువుంటే తినకుండా ఎక్కొద్దు. జేబులో గ్లూకోజ్ ఉండాలి, పక్కవాళ్లకి విషయం తెలిసి ఉండాలి.

ఆడవాళ్లకి ఇవే లెక్కలా?

కిలోకి లెక్క ఒకటే. అయితే ఎక్కువ తొక్కి తక్కువ తినడం వల్ల వచ్చే నష్టం వాళ్లలో ముందు బయటపడుతుంది. నెలసరి తప్పడం, ఆలస్యం కావడం మొదలైతే అది తిండి చాలడం లేదన్న సంకేతం కావచ్చు, ఎముకలు కూడా దెబ్బతింటాయి. కోత ఆపి గైనకాలజిస్ట్‌ని కలవండి. రక్తహీనత ఉంటే ఎంత అన్నం తిన్నా ఆయాసం తగ్గదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే డైట్ మొదలుపెట్టే ముందు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఆదివారం పొద్దున రైడ్, మధ్యాహ్నం పెళ్లి భోజనం. ఏం చేయను?

భోంచేయండి. విస్తరి ముందు కూర్చుని పులిహోర వద్దనడం ఎవరికీ బాగుండదు. రైడ్ నుంచి రాగానే టిఫిన్ బదులు రెండు గుడ్లో, గ్లాసు మజ్జిగో తీసుకుని వెళ్లండి. రాత్రికి ఆకలి ఉంటేనే తినండి. సోమవారం తూకం ఎక్కకండి, ఉప్పుకీ నీటికీ కిలో దాకా ఎక్కువ చూపిస్తుంది. గురువారం చూసుకోండి.